చిన్నప్పుడు విరిగిన ఎముక ఇప్పుడు స్కానింగులో కనిపిస్తుందా?

పర్లాకిమిడి నుంచి ఒక యువకుడు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. మొదటిది ఆయన సొంత విషయం. ఎనిమిదేళ్ళ వయసులో మామిడిచెట్టు మీద నుంచి పడి ఎడమ ముంజేయి, మణికట్టుకు కాస్త పైన, విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. పక్క ఊళ్ళో కట్లు కట్టే ఆయన పసరు పట్టించి వెదురు బద్దలతో కట్టు కట్టారు, నెలన్నరలో చేయి మామూలుగా ఆడింది. ఇప్పుడు వయసు 23, యూనిఫాం ఉద్యోగానికి వైద్య పరీక్ష దగ్గర పడింది. ఎక్స్‌రే తీస్తే ఆ పాత విరుపు బయటపడుతుందా, అందులో తప్పించుకున్నా సీటీలోనో ఎంఆర్‌ఐలోనో దొరికిపోతుందా అన్నది భయం.

రెండోది వాళ్ళ నాన్నగారి సంగతి. ఆయనకు 64. నడుము నొప్పికి ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూస ఒకటి ఎప్పుడో విరిగి అణిగిపోయి ఉందని రిపోర్టు వచ్చింది. ఆయనేమో ‘నా జన్మలో ఎముక విరగలేదు, ఇది ఎవరి ఫిల్మో చూసుకోండి’ అంటున్నారు. పోల్చి చూద్దామంటే పాత ఫిల్ములు లేవు. 2018లో తిత్లీ తుపానుకు ఇంట్లోకి నీళ్ళు చేరి కాగితాలన్నీ పాడైపోయాయట.

నేను ఇటు బరంపురం, అటు గుణుపురం, రాయగడ ప్రాంతాల నుంచి వచ్చే ఫిల్ములు చాలా ఏళ్ళుగా చదువుతున్న రేడియాలజిస్టును. ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలు చెబుతాను. మీ చేతిలో విరుపు ఆనవాలు ఇప్పుడు ఏ స్కానింగులోనూ కనిపించకపోవడానికే అవకాశం ఎక్కువ. మీ నాన్నగారి వెన్నుపూస మాత్రం నిజంగానే విరిగి ఉండవచ్చు, ఆయనకు ఆ సంగతి తెలియకపోవడంలోనూ వింత లేదు. గుర్తున్న విరుపు కనిపించదు, గుర్తులేనిది కనిపిస్తుంది అంటే విడ్డూరంగా ఉంటుంది గానీ ఎముక అతుక్కునే తీరు తెలిస్తే రెండూ సహజమే.

చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముకకు ఆ పద్ధతి లేదు, అది మళ్ళీ ఎముకతోనే పూడుతుంది. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మెత్తని మృదులాస్థి లాంటి పదార్థం వస్తుంది. ఆ తర్వాత దానిలో సున్నం చేరి గట్టిపడుతుంది. వైద్యులు కాలస్ అనేది ఈ గడ్డనే. పెద్దవాళ్ళలో ఇది గట్టిపడడానికి చోటును బట్టి ఆరు నుంచి పన్నెండు వారాలు, తొడ ఎముక, మోకాలి కింది ఎముక అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. వానాకాలంలో పొలం గట్టు తెగితే రైతు ఏం చేస్తాడో ఎముకా అదే చేస్తుంది. తెగిన చోట అవసరానికి మించి మట్టి పోసి ముందు నీటిని ఆపుతాడు, ఆ మిట్ట తర్వాత నడకకు, వానకు అణిగి సర్దుకుంటుంది. ఎముకలో ఈ సర్దుబాటు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగుతుంది. బరువు పడే వైపు ఎముక చేరుతుంది, బరువు పడని వైపు అరిగిపోతుంది. జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పిన సూత్రం ఇదే.

పిల్లల్లో ఈ సర్దుబాటు ఎంత జోరుగా సాగుతుందంటే, తల్లిదండ్రులకు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప నమ్మరు. ఎదిగే ఎముక చివర గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడి నుంచే. ముంజేయి ఎముకల పొడుగులో దాదాపు నాలుగింట మూడు వంతులు మణికట్టు వైపు పొర నుంచే వస్తాయి. కనుక మణికట్టు దగ్గర విరిగిన ఎముక కొంచెం వంకరగా అతుక్కున్నా, కొత్తగా పెరిగే ఎముక ఆ వంకరను సరిచేసుకుంటూ పోతుంది, పాత అతుకు మెల్లగా మోచేతి వైపు జరుగుతూ కరిగిపోతుంది. పదేళ్ళలోపు పిల్లల్లో ఈ చోటి మామూలు విరుపు ఒకటి రెండేళ్ళ తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎక్కడ విరిగిందో చూపించమంటే నాకే కష్టం. మీరు విరగ్గొట్టుకున్నది ఎనిమిదో ఏట, సరిగ్గా మణికట్టు పైన. ఆ తర్వాత కనీసం ఎనిమిదేళ్ళు మీ ఎముక పెరిగింది. ఇంతకంటే అనుకూలమైన వయసు, చోటు ఉండవు.

అన్ని విరుపులూ ఇలా మాయమవుతాయని అనుకోవద్దు. కీలు ఏ దిశలో ముడుచుకుంటుందో ఆ దిశలోని వంకర చక్కబడుతుంది. పక్కకు వంగినది అంతగా చక్కబడదు. మెలితిరిగి అతుక్కున్నది అసలు చక్కబడదనే చెప్పాలి. మా ప్రాంతంలో దీనికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఉదాహరణ మోచేయి. పిల్లలు చాపిన చేతి మీద పడినప్పుడు మోచేతికి కాస్త పైన జబ్బ ఎముక విరుగుతుంది. పిల్లల మోచేతి విరుపుల్లో ఎక్కువ భాగం ఇవే. ఇక్కడ ఎముక సరిగా కూర్చోకపోతే చేయి చాపినప్పుడు ముంజేయి బయటికి కాక లోపలికి, ఒంటి వైపు వంగి కనిపిస్తుంది. ఇరవై ముప్పై ఏళ్ళు గడిచినా ఆ వంకర అలాగే ఉంటుంది. కొండ మీది గూడేల నుంచి వచ్చే పెద్దవాళ్ళలో ఇలాంటి చేయి చూస్తే, చిన్నప్పుడు ఎక్కడ పడ్డారు, ఎవరు కట్టు కట్టారు అని అడుగుతాను, జవాబు తడుముకోకుండా వస్తుంది. ఇక గ్రోత్ ప్లేట్‌కే దెబ్బ తగిలితే ఆ ఎముక ఒక పక్క పెరగడం ఆగిపోయి పొట్టిదో వంకరదో అవుతుంది. అది జీవితాంతం సాక్ష్యమే.

కట్లు కట్టేవారి గురించి ఒక మాట అనకుండా ముందుకు పోలేను. చిన్న బీటకు, కదలని విరుపుకు వాళ్ళ కట్టు పనిచేస్తుంది, ఎందుకంటే అలాంటి విరుపు కదలకుండా ఉంచితే చాలు, దానంతట అదే అతుక్కుంటుంది. మీకు జరిగింది బహుశా అదే. కానీ బద్దలు బిగించి కట్టి, వేళ్ళు నల్లబడుతున్నా ‘నొప్పి ఉంటుందిలే’ అని సరిపెట్టిన పిల్లల్ని చూశాను. నెత్తురు ఆడక కండ చచ్చిపోతే చేతివేళ్ళు కొంకర్లు పోయి జన్మంతా తెరుచుకోవు. కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్ళు చల్లబడి, తిమ్మిరెక్కి, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వస్తుంటే ఆ రాత్రే కట్టు విప్పించాలి.

పెద్దవాళ్ళ ఎముకల్లో కథ వేరు. ఎదుగుదల ఆగిపోయాక విరిగినవాటికి ఆనవాలు చాలాసార్లు మిగిలే ఉంటుంది. ఎక్స్‌రేలో పొడుగు ఎముక అంచు తెల్లని గీతలా కనిపిస్తుంది, మధ్యలో మూలుగ ఉండే గొట్టం నల్లగా ఉంటుంది. పాత విరుపు చోట ఆ తెల్లని అంచు మందంగా ఉంటుంది, మధ్య గొట్టం సన్నబడుతుంది, ఎముక బయటి ఆకారం కదురులా కాస్త ఉబ్బుతుంది. ఒక్కోసారి అడ్డంగా తెల్లటి చార మిగులుతుంది. భుజం ముందు ఉండే కాలర్ ఎముక అయితే ఫిల్ము దాకా పోనక్కర్లేదు, వేలితో తడిమితే గడ్డ తగులుతుంది. పక్కటెముకలది మరీ తమాషా. విరిగిన రోజు తీసిన ఛాతీ ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు. మూడు నాలుగు వారాలకు కాలస్ చేరాక అదే విరుపు తెల్లని గుండులా బయటపడుతుంది. జలుబు చేసి దగ్గి ఛాతీ ఫిల్ము తీయించుకుంటే పాత సైకిలు ప్రమాదం బయటపడడం మాకు మామూలే. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు మంచుకొండల్లో దొరికిన సుమారు 5,300 ఏళ్ళనాటి మనిషి దేహానికి తీసిన ఫిల్ముల్లో ఎడమ పక్కటెముకలు బతికుండగానే విరిగి అతుక్కున్న గుర్తులు కనిపించాయి. మిగిలే ఆనవాలు అంతకాలం మిగులుతుంది.

ప్లేటు, స్క్రూలు వేసి తీసేసిన ఎముకల సంగతి అడగనే అక్కర్లేదు. స్క్రూ రంధ్రాలు పూడేదాకా వరుసగా చుక్కల్లా కనిపిస్తూనే ఉంటాయి, పక్కన కుట్ల మచ్చ ఉండనే ఉంటుంది.

ఇక ఏ స్కానింగు దేనికి పనికొస్తుందో చూద్దాం. సీటీ ఎక్స్‌రే కంటే పెద్దది, ఎంఆర్‌ఐ సీటీ కంటే పెద్దది, కాబట్టి ఎంఆర్‌ఐలో అన్నీ తెలిసిపోతాయి అనే నమ్మకం జనంలో బలంగా ఉంది. డబ్బు ఎక్కువ పెడితే నిజం ఎక్కువ వస్తుందనుకోవడమే తప్ప దీనికి వేరే ఆధారం లేదు. చేతులు, కాళ్ళ పాత విరుపుకు మొదటి పరీక్షా, చాలాసార్లు చివరి పరీక్షా ఎక్స్‌రేనే. షరతు ఏమిటంటే అది సరిగా తీయాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, కనీసం రెండు ఫిల్ములు ఉండాలి, పై కీలూ కింది కీలూ రెండూ ఫిల్ములో పడాలి. ముందు నుంచి తిన్నగా కనిపించిన ఎముక పక్క నుంచి చూస్తే విల్లులా వంగి ఉండవచ్చు. ఒక్క ఫిల్ము పంపించి ‘పాత విరుపు ఉందా చెప్పండి’ అని రాసే వాళ్ళకు నేను రెండోది తీసి పంపమని తిరిగి రాస్తాను. అనుమానంగా ఉన్నప్పుడు రెండో చేయి కూడా తీయమంటాను. మనిషికి తన ఎడమ చేతితో పోల్చడానికి తన కుడి చేతికి మించిన కొలత లేదు.

సీటీ ఎముక అంచును మిల్లీమీటరు ముక్కలుగా కోసి చూపిస్తుంది. కటి ఎముకలు, ముఖం, మడమ, వెన్ను లాంటి ఒకదాని మీద ఒకటి పడి ఎక్స్‌రేలో కలిసిపోయే చోట్ల పాత విరుపును పట్టడానికి ఇది బాగా పనికొస్తుంది. అతుకు పూర్తిగా పడిందా, మధ్యలో ఖాళీ మిగిలిందా అన్నది తేల్చడానికీ ఇదే. మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఒకటుంది. నెత్తురు సరఫరా తక్కువ కనుక విరిగితే కొందరిలో ఎన్నేళ్ళయినా అతుక్కోదు. బెణికిందనుకుని వదిలేసినవాళ్ళకు పదేళ్ళ తర్వాత మణికట్టు అరిగి నొప్పి మొదలైనప్పుడు అది బయటపడుతుంది. అందులోనూ సీటీ ఉపయోగం ఉంది.

ఎంఆర్‌ఐ బలం వేరే చోట ఉంది. అది ఎముకలోని మూలుగను, అందులో చేరిన నీరును చూపిస్తుంది. కొత్తగా విరిగిన ఎముకలో మూలుగ ఉబ్బి నీరు పట్టి ఉంటుంది, కొన్ని రకాల చిత్రాల్లో అది తెల్లగా మెరుస్తుంది. ఎక్స్‌రేకు అందని సన్నని బీటలను, పరుగుల వల్ల సైన్యంలో చేరే కుర్రాళ్ళకు వచ్చే అలసట విరుపులను ఇది మొదటి రోజుల్లోనే పట్టేస్తుంది. అదే విరుపు అతుక్కుని మూలుగ ఆరిపోయాక ఎంఆర్‌ఐకి చూడడానికి ప్రత్యేకంగా ఏమీ మిగలదు. అంటే ఎంఆర్‌ఐ జవాబిచ్చే ప్రశ్న ‘ఇది కొత్తదా?’ అన్నది. ‘ఎప్పుడైనా విరిగిందా?’ అన్న ప్రశ్నకు అది ఎక్స్‌రే కంటే గొప్పగా జవాబు చెప్పదు.

బోన్ స్కాన్ అనే మరో పరీక్ష ఉంది. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు ఎక్కించి, ఎముక ఎక్కడ చురుగ్గా కట్టుకుంటోందో చూస్తారు. కొత్త విరుపు ఒకటి రెండు రోజుల్లోనే అందులో కనిపిస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి చురుగ్గానే ఉంటుంది. ఎక్కువ భాగం రెండేళ్ళలో మామూలైపోతాయి. పదిహేనేళ్ళ కిందటి మీ చేతికి దానితో పని లేదు. అల్ట్రాసౌండు గురించి చెప్పాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు తేదీ సంగతి. కోర్టు గొడవలున్నవాళ్ళు అడిగే అసలు ప్రశ్న ఇదే. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. 2024 జూన్ 30 దాకా భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్, ఆ మర్నాటి నుంచి భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్. ఎముక గానీ పన్ను గానీ విరిగితే లేదా తొలగితే చాలు, మామూలు దెబ్బ కాస్తా పెద్ద కేసు అవుతుంది. అందుకని పొలం గట్టు తగాదాలో నాలుగు దెబ్బలు తిన్న మనిషి పాత విరుపును కొత్తదిగా చూపించాలని చూడడం, కొట్టినవాడు కొత్తదాన్ని పాతదని వాదించడం రెండూ జరుగుతాయి. ఫిల్ము ఇక్కడ కొంతవరకు నిజం చెబుతుంది. అంచులు పదునుగా, మధ్యలో నల్లగీత స్పష్టంగా, చుట్టూ వాపు ఉండి కాలస్ ఏమాత్రం లేకపోతే అది తాజాది. పిల్లల్లో ఎముక పొర మీద కొత్త తెల్లగీత సుమారు వారం, పది రోజులకు మొదలవుతుంది, పెద్దల్లో ఇంకా ఆలస్యం. కాలస్ మెత్తగా మబ్బులా ఉంటే వారాలు, గట్టిపడి ఉంటే నెలలు. పూర్తిగా సర్దుకున్నాక ఫిల్ము చూసి అది రెండేళ్ళ కిందటిదా, ఇరవై ఏళ్ళ కిందటిదా అని ఎవరూ చెప్పలేరు. ఫలానా సంవత్సరం విరిగిందని రాసిన రిపోర్టు ఎవరైనా చూపిస్తే నేను నమ్మను.

ఈ లెక్కకు లొంగని ఎముకలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముక్కెముక తగాదా కేసుల్లో పెద్ద తలనొప్పి. ముక్కెముక చాలామందిలో ఎముకతో కాక నారలాంటి కణజాలంతో అతుక్కుంటుంది. ఆ నారకు ఎక్స్‌రేలో రంగు లేదు. కాబట్టి పదేళ్ళ కిందట కబడ్డీలో విరిగిన ముక్కులో ఇప్పటికీ నల్లగీత కనిపిస్తుంది, నిన్న రాత్రి విరిగినట్టే ఉంటుంది. అలాంటి కేసులో గీత కంటే ముక్కు మీద వాపు, నెత్తురు కారిన ఆనవాలు, మొదట చూసిన డాక్టరు రాసిన నాలుగు వాక్యాలు ఎక్కువ విలువైనవి. పుర్రె ఎముక కూడా అంతే, కాలస్ లేకుండా అతుక్కుంటుంది. పిల్లల్లో ఆ గీత కొన్ని నెలల్లో మాసిపోతుంది గానీ పెద్దల్లో రెండు మూడేళ్ళు కూడా కనిపించవచ్చు. గొడవ జరిగిన రోజునే ఆసుపత్రికి వెళ్ళి రాయించుకోమని చెప్పేది ఇందుకే. నాలుగు నెలల తర్వాత ఫిల్ము తీసి నన్ను సాక్ష్యం చెప్పమంటే నేను ఎవరి తరఫునా గట్టిగా చెప్పలేను.

విరుపు కానిది విరుపులా కనిపించడం ఇంకో ముచ్చట. ఎముకలోకి నెత్తురు నాళం వెళ్ళే సన్నని కాలువ ఏటవాలు బీటలా ఉంటుంది. మోకాలిచిప్ప కొందరికి పుట్టుకతోనే రెండు ముక్కలుగా ఉంటుంది. మడమ వెనుక, మణికట్టు చివర అదనపు ఎముకలు గుండ్రంగా ఉంటాయి. అంచు నున్నగా, చుట్టూ తెల్లని గీత ఉంటే అది పుట్టుకతో వచ్చినదో, ఎప్పుడో విరిగి అతకకుండా మిగిలినదో అయి ఉంటుంది, తాజా విరుపు మాత్రం కాదు. పిల్లల ఎముకల చివర అడ్డంగా వరసలుగా కనిపించే సన్నని తెల్లచారలు, పెద్ద జ్వరాలప్పుడో తిండి కరువైనప్పుడో ఎదుగుదల ఆగి మళ్ళీ మొదలైన గుర్తులు కావచ్చు.

మా జిల్లాల్లో తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది సికిల్ సెల్ అనే వంశపారంపర్య నెత్తురు జబ్బు. రాయగడ, కోరాపుట్, గజపతి కొండ ప్రాంతాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. నెత్తురు కణాలు కొడవలిలా వంగి సన్న నాళాలను మూసేస్తాయి, ఎముకలో అక్కడక్కడా భాగాలు చచ్చిపోతాయి. ఆ చోట్ల ఎముక అంచు మందమై, పొరలుపొరలుగా తెల్లబడి, అచ్చం పాత విరుపులా కనిపిస్తుంది. వెన్నుపూసల నడుమ భాగం నలుచదరంగా నొక్కుకుపోతుంది. వెన్ను విరిగిందని ఎవరైనా పొరబడే తీరు ఇది. తేడా ఏమిటంటే బరువు పడి అణిగిన వెన్నుపూస సాధారణంగా ముందువైపు కుంగి, ముందు పలచగా వెనుక మందంగా మారుతుంది, సికిల్ సెల్‌లో పై కింది అంచుల మధ్యభాగమే దిగుతుంది, అదీ ఒకటి కాక చాలా పూసల్లో. మాటిమాటికి ఒళ్ళునొప్పులు, చిన్నప్పుడు చేతులు కాళ్ళు వాచిన చరిత్ర ఉన్నవాళ్ళ ఫిల్ము చదివేటప్పుడు నేను ముందు నెత్తురు పరీక్ష ఉందా అని అడుగుతాను. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద 40 ఏళ్ళలోపువారికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉంటే ఎక్స్‌రేతో పాటు తీసుకెళ్ళండి.

మీ నాన్నగారి విషయానికి వస్తాను, మీరు రెండోదిగా అడిగినా ముందు పట్టించుకోవాల్సింది ఇదే. వయసు మీరినవారిలో ఎముక పలచబడి, పెద్ద దెబ్బేమీ లేకుండానే వెన్నుపూస కుంగిపోతుంది. బస్తా ఎత్తినప్పుడు కలుక్కుమనడం, బస్సు గుంతలో పడినప్పుడు నడుము పట్టేయడం, రెండు వారాలు నొప్పితో మంచం మీద ఉండి లేచి తిరగడం. మనవాళ్ళు దాన్ని నడుము పట్టు అంటారు, నూనె రాసి మరిచిపోతారు. ఇలాంటి వెన్ను విరుపుల్లో సుమారు మూడింట రెండు వంతులు ఎవరి దృష్టికీ రాకుండా పోతాయి. కనుక ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఫిల్మూ మారలేదు. పొడుగు తగ్గిందేమో కనుక్కోండి. పాత చొక్కా భుజాల మీద ఎలా కూర్చుంటోంది, వీపు గూనిలా వంగుతోందా, ఇంట్లో అందే అలమర ఇప్పుడు అందడం లేదా అని అడిగి చూడండి.

అయితే ఎక్స్‌రే చూసి వెన్నుపూస ‘పాతది’ అనడం అంత తేలిక కాదని రిపోర్టు చదివినవాళ్ళు ఎవరైనా ఒప్పుకుంటారు. కుంగిన పూస ఆకారం పదేళ్ళ తర్వాత కూడా అదే. ఇప్పుడున్న నొప్పి ఆ పూసదేనా, కొత్తగా ఇంకొంచెం కుంగిందా అన్నది తేలాలంటే ఎంఆర్‌ఐ తీయాలి. ఇక్కడ మాత్రం అది డబ్బుకు తగిన పరీక్ష. మూలుగలో నీరుంటే కొత్తది. ఆ నీరు సాధారణంగా రెండు మూడు నెలల్లో తగ్గుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువకాలం ఉంటుంది. రెండో లాభం, క్షయ వల్ల గానీ, కణితి వల్ల గానీ పూస కుంగితే ఎంఆర్‌ఐలో వేరుగా కనిపిస్తుంది. వెన్ను క్షయ మన ప్రాంతంలో అరుదు కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, కాళ్ళలో బలహీనత, మూత్రం పట్టు తప్పడం వీటిలో ఏది ఉన్నా వారం కూడా ఆగవద్దు. చివరి రెండింటికి ఆ రోజే వెళ్ళాలి.

ఎముక పలచబడిందో లేదో మామూలు ఎక్స్‌రేతో తేల్చలేం. సుమారు 30 శాతం ఖనిజం పోతే గానీ ఫిల్ములో తేడా కంటికి ఆనదు. దానికి డెక్సా అనే పరీక్ష ఉంది. అందులో టి స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువకుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఎముక గుల్లబారినట్టు లెక్క. డెక్సా దగ్గరలో లేదని కూర్చోవద్దు. పెద్ద దెబ్బ లేకుండా వెన్నుపూస విరగడమే ఆ జబ్బుకు చాలినంత రుజువు, మందులు మొదలుపెట్టడానికి చాలామంది వైద్యులు అది చాలంటారు. ఒకటి విరిగినవారికి రెండోది విరిగే ముప్పు ఎక్కువ. ఆయన పొగ తాగుతున్నారా, ఉబ్బసానికో కీళ్ళ నొప్పులకో స్టెరాయిడ్ మాత్రలు వాడారా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి. కీళ్ళ నొప్పికి ఇచ్చే పేరులేని పొట్లాల్లో స్టెరాయిడు కలిపి ఉండడం మేం తరచుగా వినే సంగతి.

ఇక మీ వైద్య పరీక్ష. అక్కడి డాక్టర్లు మొదట చూసేది చేయి పనిని. మోచేయి పూర్తిగా తిన్నగా చాపగలరా, అరచేయి పైకీ కిందికీ పూర్తిగా తిరుగుతుందా, పట్టు రెండు చేతులకూ సమానంగా ఉందా, వంకర ఏమైనా ఉందా అని చూస్తారు. అద్దం ముందు నిలబడి రెండు చేతులూ చాపి మీరే చూసుకోండి. రెండు మోచేతులూ నడుముకు ఆనించి, గుప్పిట్లో చెరొక పెన్నూ పట్టుకుని అరచేతులు పైకీ కిందికీ తిప్పండి. పెన్నులు రెండు వైపులా ఒకే వాలున ఆగితే మీకు దిగులు లేదు. పాత విరుపు ఉందా అని దరఖాస్తులో గడి ఉంటే ఉందనే రాయండి. చక్కగా అతుక్కున్న చిన్ననాటి విరుపు కంటే దాచిపెట్టారన్న మాటే మీకు ఎక్కువ ఇబ్బంది.

ముందుగానే సీటీ తీయించుకుని చూసుకుందామన్న ఆలోచన మానుకోండి. చేతి ఎక్స్‌రేకు పడే రేడియేషను సుమారు 0.001 మిల్లీసీవర్టు (రేడియేషను మోతాదుకు కొలత ఇది). ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ పడుతుంది, ఆ లెక్కన చేతి ఎక్స్‌రే నాలుగు గంటల బతుకుతో సమానం. వెన్ను సీటీ అయితే సుమారు 6 మిల్లీసీవర్టులు, అంటే రెండున్నరేళ్ళ మోతాదు. జబ్బు తేల్చడానికి అవసరమైతే అది ఎక్కువేమీ కాదు, కుతూహలానికి అయితే ఎక్కువే. మనసు ఊరుకోకపోతే రెండు ముంజేతులకూ రెండేసి ఎక్స్‌రేలు తీయించుకోండి, చాలు.

నాన్నగారిని తీసుకెళ్ళేటప్పుడు ఆ ఎక్స్‌రే ఫిల్ము, రిపోర్టు రెండూ పట్టుకెళ్ళండి, రిపోర్టు ఒక్కటే వద్దు. బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్ళినా, పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం వెళ్ళినా డాక్టరుకు ఫిల్మే కావాలి. ఎంఆర్‌ఐ తీయిస్తే సీడీ అడిగి తీసుకోండి. ఇంటికి రాగానే ఫిల్ములన్నిటినీ వెలుతురు మీద పెట్టి ఫోనుతో ఫొటోలు తీసి, సీడీలోవి కాపీ చేసి, ఇంకో ఊళ్ళో ఉన్న బంధువు ఎవరికైనా కూడా పంపి ఉంచండి. మీ నాన్నగారి పాత ఫిల్ము ఒక్కటి ఉండి ఉంటే ఈ ఎంఆర్‌ఐ ఖర్చే తప్పేదేమో.